పెనాంగ్‌కి యాభై నిమిషాలు

మా అమ్మ రోతువా అరవై మూడో ఏట మొదటిసారి విమానమెక్కింది. మేడాన్ నగరం నుంచి సముద్రం అవతలి దేశంలో ఉన్న పెనాంగ్‌కి, మా పిన్ని లామ్రియా దగ్గరికి.

పిన్ని పెళ్లయిన కొత్తలో ఆమెను రేవులో ఓడెక్కించి వచ్చింది అమ్మే. తర్వాత పిన్ని రెండుసార్లు వచ్చినా ఆ ఓడలోనే వచ్చింది. కొండ మీది మా సిదికలాంగ్ నుంచి బస్సు, రేవులో పడిగాపులు, ఆపైన సముద్రం. అమ్మ లెక్కలో పెనాంగ్ అంటే రెండు రోజులు.

ఆరేళ్ల క్రితం ఒక పొద్దున బాబాయి పోయాడని ఫోన్ వచ్చింది. మర్నాడే ఖననం అన్నారు. తను వెళ్లేసరికి అంతా అయిపోతుందని అమ్మ ఇంట్లోనే కూర్చుని ఏడ్చింది. నేనప్పుడు దూరంగా బాతామ్ దీవిలో పనిచేస్తున్నాను. అమ్మ నాకు చెప్పేసరికి వారం దాటింది. పిన్ని ఒక్క మాట అనలేదు కానీ, అప్పటి నుంచి అమ్మే ముఖం చెల్లక ఫోన్‌లో పొడిపొడిగా మాట్లాడేది.

ఈ ఏడు కాఫీ కోతలయ్యాక నేనే టికెట్లు తీసుకున్నాను. అమ్మ రెండు రోజులకు సరిపడా అన్నం, పసుపు పట్టించి ఇగరబెట్టిన చేప సర్దింది. మేడాన్‌కి బస్సులోనే ఐదు గంటలు పట్టింది.

విమానం లేచాక అమ్మ చాలాసేపు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంది. తర్వాత కుదురుగా కూర్చుని డబ్బా మూత తీసింది. ముద్ద నోట్లో పెట్టకముందే, దిగబోతున్నాం, బెల్టులు పెట్టుకోండి అన్నారు.

"ఇంజనేమన్నా చెడిందా?" అని నా చెవిలో అడిగింది.

"లేదమ్మా, వచ్చేశాం. యాభై నిమిషాలేగా."

నవ్వుతుందనుకున్నాను. డబ్బా ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ ఉండిపోయింది. చక్రాలు నేలకు తగిలాక, బాబాయి పోయినరోజు కూడా ఈ విమానం ఉండేదా అని అడిగింది. ఉండేదని చెప్పక తప్పలేదు.

బయట పిన్ని ఎదురుచూస్తోంది. జుట్టంతా నెరిసిపోయింది. అమ్మ ఆమె దగ్గరికి వెళ్లకుండా రెండడుగుల దూరంలోనే ఆగిపోయింది.

"లామ్రియా, ఆ రోజు నేను రాగలిగేదాన్నే. సాయంత్రానికల్లా నీ పక్కనుండేదాన్ని. నాకు తెలీలేదు."

"నేను మాత్రం ఎప్పుడన్నా విమానమెక్కానా అక్కా? నా బుర్రలోనూ ఆ ఓడే ఉండిపోయింది" అంది పిన్ని. "నువ్వు రాలేవులే అని నేనే అందరికీ చెప్పా. పద, ఆకలేస్తోంది."

అమ్మ కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. ఇంటికెళ్లి చేప ముందు పెట్టుకుని కూర్చున్నారు. పెనాంగ్ టైము మాకంటే గంట ముందు; గోడ గడియారంలో నాలుగైంది. అమ్మ వాచీలో ఇంకా మూడే. ముల్లు తిప్పుకోమంటే, తన కడుపుకి మూడేనంది.

మర్నాడు పొద్దున ఇద్దరూ బాబాయి సమాధి దగ్గరికి వెళ్లారు. నన్ను రావద్దన్నారు. తిరిగొస్తూ దారిలో నూడుల్స్ తిన్నారట. అందులో కారమే లేదని అమ్మ చాలాసేపు వంకలు పెట్టింది. గిన్నె ఖాళీ చేసిందిగా అంది పిన్ని.