గేటు దీపాలు

సాయంత్రం ఆరు కాగానే కాలవగట్టు వీధిలో గేటు దీపాలు వెలిగేవి. అమలాపురం నుంచి రాజోలు వెళ్ళే దారిలో పక్కకి తిరిగితే, కొబ్బరితోటల వెనక ఉండే వీధి అది. రెండువేల నాలుగో సంవత్సరం నాటి మాట. అప్పటికి ఆ వీధిలో పదకొండు ఇళ్ళ మగవాళ్ళు మస్కట్‌లోనో, దోహాలోనో, కువైట్‌లోనో పని చేస్తున్నారు. అక్కడినుంచి నాలుగు డబ్బులు రాగానే ఇంటిముందు సిమెంటు స్తంభాలతో గేటు కట్టడం, ఆ స్తంభాల మీద గాజు గుండ్లు పెట్టి లోపల వంద కేండిల్ బల్బులు వెలిగించడం అక్కడ ఆచారమైపోయింది. దీపాలు వెలుగుతుంటే ఇంటాయన కులాసాగా ఉన్నాడని, బ్యాంకు డ్రాఫ్టులు అందుతున్నాయని వీధి వీధంతా తెలుసుకునేది. ఒక్కరోజు వెలగకపోతే పలకరింపులు మొదలయ్యేవి. ఆ పలకరింపుల్లో అభిమానం ఎంతో, ఆరా ఎంతో పలకరించేవాళ్ళకే తెలియాలి.

ఆ వేళప్పుడు మీరు ఆ వీధిన వెళ్ళి ఉంటే, ఎంత కళగా ఉందో అనుకునేవారే. అందులోనూ రాజ్యలక్ష్మి ఇల్లు మరీ కళగా ఉండేది. గేటు మీద రెండు గుండ్లు, వరండాలో ట్యూబులైటు. ఎవరైనా వస్తే ఆవిడ వరండాలోనే కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, మాట్లాడి పంపించేసేది. లోపలికి రమ్మనేది కాదు. ఆ తలుపు వెనక అంతా చీకటి.

రాజ్యలక్ష్మి భర్త లోవరాజు మస్కట్‌లో తాపీపని చేస్తాడు. ఏడు నెలలుగా అక్కడి కాంట్రాక్టరు జీతాలివ్వడం లేదు. ఫోనులో ఆ సంగతి చెప్పి, "వీధిలో ఎవరికీ తెలియనివ్వకు. నలుగురిలో మనం పలచనైపోకూడదు" అన్నాడు లోవరాజు. ఆమె ఆ మాట అక్షరాలా పాటించింది. మిక్సీ మీద గుడ్డ కప్పింది. ఫ్యాను ఆపింది. గదుల్లో బల్బులు తీసి దాచేసింది. వంటింట్లో కిరసనాయిలు బుడ్డి ఒక్కటే వెలిగించేది. అయినా మూడు నెలల కరెంటు బిల్లు కట్టలేకపోయింది. సైకిల్ బెల్లు వినబడితే చాలు, వైరు కోసెయ్యడానికి వచ్చేరేమోనని కిటికీ దగ్గరికి పరుగెత్తేది. కూర్చున్నచోట కూర్చోలేక, వేసిన దీపం ఆర్పలేక, ఆ మనిషి రోజంతా ఇంట్లో తిరుగుతూనే ఉండేది.

ఇంట్లో శుక్లాలు ముదిరిన అత్తగారు ఉంది. వెలుతురుంటే ఏదో మసకగా కనిపిస్తుంది, లేకపోతే అదీ లేదు.

"ఒసే రాజ్యం, గదిలో లైటు వెయ్యవే. గోడ పట్టుకుని ఎన్నాళ్ళు నడవనూ?" అనేది ముసలావిడ.

"ఫ్యూజు పోయిందత్తా, రేపు వేయిస్తాను."

"గదిలో పోయిన ఫ్యూజు గేటుకి పోలేదేమే?"

కోడలు బుడ్డి తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయేది.

ఈ సంగతి వీధిలో ఇంకొకరికి తెలుసు. అతను మీటరు రీడింగు తీసుకునే ఇస్సాకు. మాట బయటపెట్టే మనిషి కాదు. ఒక ఉదయం మీటరు చూసి, పుస్తకంలో రాసుకుని, గొంతు తగ్గించి అన్నాడు.

"రాజ్యలక్ష్మిగారూ, ఏమీ అనుకోకండి. మా ఆఫీసువాళ్ళు కొత్తగా ఒకటి పెట్టేరండి. నెలకి ముప్ఫై యూనిట్లలోపు కాల్చే ఇళ్ళకి బకాయి వాయిదాల మీద కట్టించుకుంటారు. వైరు కొయ్యరు. పాత బల్బులు పట్టుకెళ్ళి, తక్కువ కరెంటు కాలే చిన్న బల్బులు నాలుగిస్తారు. మీ మీటరు ముప్ఫై ఎనిమిది దగ్గరుందండి. ఆ గేటు దీపాలు మానేస్తే చాలు, మీకూ వస్తుంది."

రాజ్యలక్ష్మి ముఖం ఎర్రబడింది. "మాకెందుకండీ అవి? లేనివాళ్ళకియ్యండి. ఆయన వచ్చే నెల పంపిస్తానన్నారు, బిల్లు ఒక్కసారే కట్టేస్తాను."

"ఆయ్, అలాగేనండి" అని ఇస్సాకు సైకిలెక్కేడు.

అలా అనేసిందే కానీ, ఆవిడకి మనసు మనసులో లేదు. గురువారం కరెంటు ఆఫీసువాళ్ళు ఆ సాయం గురించి మైకులో చాటింపు వేశారు. పేద కుటుంబాలవాళ్ళు బడి దగ్గరికొచ్చి వరుసలో నిలబడి పేర్లు రాయించుకోవాలట. "పేద కుటుంబాలు, పేద కుటుంబాలు" అంటూ ఆ మైకు వీధులన్నీ తిరిగింది. రాజ్యలక్ష్మి రెండుసార్లు బయలుదేరి రెండుసార్లు వెనక్కి వచ్చింది. మూడోసారి బడి దాకా వెళ్ళింది. పేర్లు రాస్తున్న ఉద్యోగిని ప్రసన్నకుమారి గారు బల్ల దగ్గర కూర్చుని, "ఇంకెవరైనా ఉన్నారా?" అని కేకవేస్తున్నారు. రాజ్యలక్ష్మి వరుస వైపు ఒక్క అడుగు వేసిందో లేదో, గోడవార కుసుమ కనిపించింది. కుసుమది ఎదురిల్లే. ఆమె భర్త దోహాలో ఉంటాడు. ఆమె గేటు మీదా రెండు గుండ్లు.

"ఇలా వచ్చేరేంటి వదినగారూ?" అంది కుసుమ ఉలిక్కిపడి.

"మా చెల్లెలి కూతురి సర్టిఫికెట్టు గురించి మేష్టారిని అడుగుదామని. నువ్వో?"

"ఊరికేనండి. ఏంటో ఈ జనం, చూద్దామని వచ్చేను."

"పాపం, లేనివాళ్ళకి మంచి సాయమే."

"మరేనండి" అంది కుసుమ. ఇద్దరూ మాట్లాడుకుంటూ ఇళ్ళకి వచ్చేశారు. ఆ సాయంత్రం ఇద్దరూ ఆరు కొట్టకముందే దీపాలు వేశారు.

మర్నాడు సాయంత్రం రాజ్యలక్ష్మి గేటు దీపాల స్విచ్చి వేసి ఇటు తిరిగిందో లేదో, లోపల ధన్‌మని చప్పుడైంది. అత్తగారు మంచినీళ్ళకని లేచి, ఇంకా బుడ్డి వెలిగించని వంటింటి గడప కనిపించక పడిపోయింది. "అమ్మో, నా చెయ్యి" అని మూలుగుతోంది. చీకట్లో ఎక్కడ దెబ్బ తగిలిందో కూడా తెలియలేదు. రాజ్యలక్ష్మి పెట్టిన కేక ఎదురింటిదాకా వినబడింది.

ఎదురింట్లోంచి కుసుమ పరుగెత్తుకొచ్చింది. కంగారులో చేతిలో ఉన్నది అక్కడ పెట్టి రావడం మరిచిపోయింది. గేటు దీపాల వెలుతురులో పట్టపగల్లా ఉన్న వీధిని దాటి వచ్చిన ఆ మనిషి చేతిలో మసిబారిన కిరసనాయిలు బుడ్డి ఉంది.

రాజ్యలక్ష్మి ఆ బుడ్డిని చూసింది. కుసుమ ఆ ఇంట్లోని చీకటిని చూసింది.

"నీ ఇంట్లోనూ ఇదేనా కుసుమా?"

"మార్చి నుంచి ఆయనకి పని లేదండి" అంటూ కుసుమ ఏడ్చేసింది. "మీ దీపాలు వెలుగుతుంటే నావి ఆర్పడానికి చెయ్యి రాలేదు వదినగారూ."

"నీవి చూసే కదే, నేనూ ఆర్పలేదు!"

ఆ బుడ్డి వెలుతురులోనే ఇద్దరూ కలిసి ముసలావిడని లేవనెత్తి, ఆటోలో అమలాపురం తీసుకెళ్ళారు. మణికట్టు దగ్గర ఎముక విరిగింది. కట్టు కట్టించుకుంటూ కూడా ఆవిడ ఊరుకోలేదు. "ఫ్యూజు బాగయిందా అమ్మా?" అని అడిగింది. రాజ్యలక్ష్మి ఆ మాటకి సిగ్గుతో కుంగిపోయింది.

తెల్లవారగానే ఇద్దరూ కరెంటు ఆఫీసుకి వెళ్ళి, ప్రసన్నకుమారి గారి ముందు ఉన్నదంతా చెప్పుకున్నారు. ఆవిడ కోప్పడలేదు. పుస్తకం మూసి, వాళ్ళ వెంటే బస్సెక్కి వచ్చారు. వరండాలో కుర్చీ వేయబోతే వద్దన్నారు. లోపలికి వచ్చి ముసలావిడ మంచం పక్కన కూర్చున్నారు.

"తప్పు మీ ఒక్కళ్ళదే కాదమ్మా, నాదీ ఉంది" అన్నారావిడ. "మా నాన్న దానం గారు కూలిపని చేసేవారు. రేషను బియ్యానికి వరుసలో నిలబడ్డప్పుడు తలగుడ్డ ముఖం మీదకి లాక్కునేవారు. చిన్నప్పుడు నేను పక్కనే ఉండి చూశాను. చూసి కూడా, మొన్న మైకు పెట్టించి పేదవాళ్ళు రండని పిలిచేను. అలా పిలిస్తే ఎవరొస్తారు? ఇకనుంచి నేనే ఇంటింటికీ వస్తాను. మీరు మాత్రం ఒకటి చెయ్యాలి. ఈ నెల ముప్ఫై దాటనివ్వకండి, మీ పేర్లు రాస్తాను. అప్పటిదాకా వైరు ముట్టుకోవద్దని మావాళ్ళకి చెబుతాను. సాయం అడగడం అవమానం కాదమ్మా. కళ్ళు కనిపించని పెద్దావిడని చీకట్లో నడిపించడం, అదీ అవమానం."

ఆ సాయంత్రం ఆరైంది. రాజ్యలక్ష్మి చెయ్యి అలవాటుగా గేటు స్విచ్చి మీదకి వెళ్ళింది. అక్కడే ఆగింది. ఎదురుగా కుసుమ కూడా తన వరండాలో నిలబడి ఇటే చూస్తోంది. రాజ్యలక్ష్మి చెయ్యి తీసేసి, లోపలికి వెళ్ళి, గదిలో బల్బు మళ్ళీ బిగించి లైటు వేసింది. ముసలావిడ గోడ పట్టుకోకుండా నాలుగడుగులు నడిచి, "అబ్బ, ఇల్లు కనిపిస్తోందే" అంది. ఆ మాటకి కోడలికి కళ్ళనీళ్ళు ఆగలేదు.

పావుగంట గడవకముందే పక్కింటి ఇందిర గేటు దగ్గరికి వచ్చేసింది. ఆమె భర్తదీ మస్కటే.

"ఏమండీ రాజ్యలక్ష్మిగారూ, దీపాలు వెయ్యలేదేం? అన్నయ్యగారు కులాసాయేనా?"

ఏడు నెలలుగా చెప్పిన అబద్ధం నోటి చివర సిద్ధంగానే ఉంది. రాజ్యలక్ష్మి దాన్ని మింగేసింది.

"లేదమ్మా. ఏడు నెలలుగా జీతం లేదాయనకి. కరెంటువాళ్ళ సాయం అడిగేను. లోపలికి రా, కూర్చుందువుగాని."

ఇందిర కదల్లేదు. వెనక్కి తిరిగి, వెలుగుతున్న తన గేటు దీపాల వైపు ఒకసారి చూసుకుంది. ఆ పైన, వీధిలో ఎవరూ లేకపోయినా గొంతు తగ్గించింది.

"ఆ ఆఫీసావిడ మళ్ళీ ఎప్పుడొస్తారండీ?"

వీధిలో వాళ్ళు చూడాలని గేటు మీద దీపం పెట్టేముందు, మన ఇంట్లోవాళ్ళకి గడప కనిపిస్తోందో లేదో చూసుకుందాం.