మూత మీద నిప్పులతో పిజ్జా

పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయాక ఖతీజాబీ రెండేళ్లుగా వంటింట్లో అడుగుపెట్టలేదు. అంతకుముందు సుబేదారి వాడలో ఎవరింట పెళ్లయినా బిర్యానీకి ఆమెనే పిలిచేవారు. ఇప్పుడు కోడలు అనీస్ బేగం వండిపెడితే నాలుగు ముద్దలు తిని గోడవైపు తిరిగి పడుకునేది.

1985 చలికాలంలో ఒక ఆదివారం పక్కింటి సుగుణ టీచర్ వారపత్రిక పట్టుకుని వచ్చింది. హైదరాబాదు నుంచి అన్న తెచ్చిన చీజ్ డబ్బా, బేకరీలో అడిగి తెచ్చిన కాస్త ఈస్టు కూడా ఆమె దగ్గరున్నాయి.

"అనీసూ, ఇయ్యాల పిజ్జా చేద్దామా? గీ పత్రికల రాసిండ్రు."

"గదేందక్కా?"

"నేను మాత్రం తిన్ననా? రొట్టె మీద కోడిమాంసం, కూరగాయలు పెట్టి కాలుస్తరట."

అనీస్ గోరువెచ్చని నీళ్లలో ఈస్టు, చక్కెర కలిపింది. నురగ వచ్చాక మైదాలో పోసి, ఉప్పు, నూనె వేసి మెత్తగా పిసికింది. గిన్నెకు తడిబట్ట కప్పి, ఎండ పడుతోందని అత్త మంచం పక్కన పెట్టింది. ఇద్దరూ టమాటాలు ఉడికించి చిక్కటి గుజ్జు చేశారు. ఉల్లిగడ్డ, సిమ్లా మిర్చి తరిగారు. వేయించిన కోడిమాంసాన్ని పీచులుగా చీల్చారు.

గంట తర్వాత లోపలి నుంచి కేక వినిపించింది.

"అనీస్! గిన్నెల ఏందో లేస్తాంది!"

పరుగెత్తి వెళ్లేసరికి ఖతీజాబీ లేచి కూర్చుని ఉంది. తడిబట్ట గుమ్మటంలా పైకి ఉబ్బింది. దాని మీద ఆమె ఎడమచేయి ఆనించి ఉంది.

"వెచ్చగున్నది బిడ్డా. పసిపిల్ల కడుపు లెక్క," అంది గుసగుసగా. ఎన్ని రొట్టెలు కాల్చినా, పిండి ఇలా ప్రాణమున్నట్టు పెరగడం ఆమె ఎన్నడూ చూడలేదు.

పిండి ఒత్తి, పైన గుజ్జు, ముక్కలు, చీజ్ పరిచి మొదటి రొట్టెను పెనం మీద పెట్టి మూత వేశారు. కింద మాడింది, పైన చీజ్ అలాగే గట్టిగా ఉండిపోయింది. సుగుణ పత్రిక మళ్లీ చదివింది.

"ఓవెన్ల పెట్టాలెనట. మనకాడ ఏడుంది?"

"కింద మంట ఒక్కటే ఉంటే ఎట్ల?"

ఇద్దరూ తిరిగి చూశారు. గోడ పట్టుకుని ఖతీజాబీ వంటింటి గడపలో నిలబడి ఉంది.

"గంజుల ఇసుక పోసి బాగ కాగనియ్యుండ్రి. పళ్లెం దాని మీద పెట్టుండ్రి. మూత మీద జర నిప్పులు పోయుండ్రి. దమ్ బిర్యానీకి గట్లనే గద!"

పెద్ద గిన్నెలో ఇసుక కాచి అలాగే చేశారు. ఇరవై నిమిషాలకు అనీస్ పట్కారుతో మూత ఎత్తింది. ఆవిరి తొలగేసరికి ముగ్గురూ ముందుకు వంగారు. అంచులు బంగారు రంగులో పొంగాయి. మధ్యలో చీజ్ కరిగి బుడగలు కడుతోంది. ఎర్రటి గుజ్జులోంచి పచ్చని మిర్చి ముక్కలు మెరుస్తున్నాయి.

"యా అల్లా," అంది ఖతీజాబీ. "గీ గంజులనేనా ఇది అయింది!"

అనీస్ ముక్క తుంచితే చీజ్ దారంలా సాగింది. తెగకుండా సాగుతూనే ఉంటే చిన్నపిల్లల్లా నవ్వుకున్నారు. ఊది అత్త నోట్లో పెట్టింది. ఆమె కళ్లు మూసుకుని చాలాసేపు నమిలింది.

"ఇంక పిండి ఉన్నదా?"

"ఒక ముద్ద ఉన్నదమ్మా."

"నా ముందట పెట్టు."

ఖతీజాబీ పీట మీద కూర్చుని ఎడమచేతి వేళ్లతో పిండిని నెమ్మదిగా ఒత్తసాగింది. అది వంకర టింకరగా పరుచుకుంటోంది. సరిచేయడానికి అనీస్ చేయి చాపబోతే సుగుణ ఆపింది. ఇద్దరూ ఆ వేళ్లనే చూస్తూ నిలబడ్డారు.