ఉత్త బొమ్మ

ఆ బేకరీలో కేకు మీద ఫొటో కావాలంటే గిరాకీలు కొట్టు ఫోనుకు పంపాలి. వచ్చిన ఫొటో వచ్చినట్టే కంప్యూటర్లోకి పోయి, తినే కాగితం మీద అచ్చయి బయటికొస్తుంది. అందరి చేతులకీ క్రీము అంటుకుని ఉంటుంది కదా అని ఓనరమ్మ చేయించిన ఏర్పాటు అది.

లెక్కల మాస్టారికి ఆ సంగతి తెలియదు. పెళ్ళిరోజు కేకు కోసం భార్యతో దిగిన ఫొటో పంపి, వెంటే పొరపాటున ఇంకోటి పంపాడు. గబగబా చెరిపేశాడు. తన ఫోనులో పోతే లోకంలోనే పోయిందనుకున్నాడు, కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లిలా.

కేకులు చేసే అమ్మాయి మాస్టారి పెళ్ళిరోజు ఫొటో వెంటే వచ్చిన రెండో కాగితం తీసి చూసింది. బట్టల్లేని ఒళ్ళు ఎవరిదో. ముఖం మాత్రం తనది. నెట్‌లో కొట్టు పేజీలో పెట్టిన ఫొటోలోంచి కోసుకుపోయిన ముఖం. బుగ్గ మీది మైదా మరక కూడా అలాగే ఉంది. ఆ రోజు మూడంతస్తుల కేకు ఒరగకుండా నిలబడిందని నవ్వింది. ఆ నవ్వు పట్టుకెళ్ళి ఆ ఒంటికి అతికించాడు. కంప్యూటరుకు నాలుగు మాటలు చెబితే చాలట, అదే చేసిపెడుతుందట. ఛీ! వచ్చినప్పుడల్లా "ఏమ్మా, బాగున్నావా" అని పలకరించే మనిషి! ఆమె సబ్బుతో ముఖం కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది. అయినా జిడ్డు వదిలినట్టు అనిపించలేదు.

ఓనరమ్మ కాగితాన్ని ఒకసారి చూసి, ఇంకోసారి దగ్గరగా పెట్టుకుని చూసింది. ఆ రెండో చూపుకి కేకులమ్మాయి కాగితం వెనక్కి లాక్కుంది.

"నువ్వు కాదులేవే. చింపి పారెయ్. పాత గిరాకీ, గొడవెందుకు? నలుగురికీ తెలిస్తే నీకే నామోషీ."

కేకులమ్మాయి వెనక గుమ్మంలోకి వెళ్ళి, వకీలుగా పనిచేసే వదినకు ఫోన్ చేసింది.

"చింపావంటే చంపుతాను," అంది వదిన. "ఒళ్ళెవరిదైతేనేం, ముఖం నీదే కదా? నువ్వు ఒప్పుకోకుండా అలాంటి బొమ్మ చేసి పంపడం నేరం. కంప్యూటర్లో ఉన్నది ముట్టుకోకు. ఫిర్యాదు నేను రాస్తా, నువ్వొచ్చి సంతకం పెట్టు. ఒక్కటి మాత్రం ముందే చెబుతున్నా, కేసంటే దాన్ని పోలీసులు చూస్తారు, జడ్జి చూస్తాడు. ఆలోచించుకో."

ఇంకా ఎంతమంది చూడాలి? సంతకం సంగతి రేపు చెబుతానని ఫోన్ పెట్టేసింది.

సాయంత్రం మాస్టారు కేకు కోసం వచ్చాడు. "మీరు పంపినవి రెండూ అచ్చయ్యాయి," అంది కేకులమ్మాయి. అతను తేలు కుట్టిన దొంగలా కాసేపు బిస్కెట్ల అద్దాలు చూశాడు.

"పొరపాటున ఏదో వచ్చినట్టుందమ్మా. తీసెయ్. అయినా అది నువ్వు కాదు కదా, ఉత్త బొమ్మ. నిన్నెవరు ముట్టుకున్నారని?"

"మీ ఆవిడ ఫొటో కూడా ఇక్కడే ఉంది మాస్టారూ," అందామె. "అదీ ఉత్త బొమ్మే."

పెద్దమనిషి తోలు అక్కడికక్కడే ఊడిపోయింది. "నోర్ముయ్! నా భార్య ఫొటో జోలికెళ్ళావంటే చేతులు విరగ్గొడతా!" అని బల్ల గుద్దాడు. కేకు పెట్టె ఎగిరిపడింది.

ఓనరమ్మ పెట్టెను పక్కకి జరిపింది.

"ఆవిడ ముఖానికి మీరున్నారు. నా ముఖానికి నేనే ఉన్నాను," అంటూ కేకులమ్మాయి ఏప్రన్ విప్పింది.

"ఎక్కడికమ్మా?" అన్నాడు మాస్టారు, గొంతు దించి.

"సంతకం పెట్టడానికి. ఆ బొమ్మ అందరూ చూస్తారని ఇందాకటిదాకా భయపడ్డాను. చూడనీ. అందులో వాళ్ళకి కనబడేది నేను కాదు, మీరు."