తారు పూసిన కథ

సాంబమూర్తి క్లాసంటే ఎల్‌బీ నగర్ పిల్లలు చెవి కోసుకునేవాళ్లు. రేపల్లె నుంచి వచ్చి, గ్రూప్స్ కోచింగ్‌లో అమెరికా చరిత్ర చెప్పే ఆయనకు ఒక కిటుకు తెలుసు. మధ్యాహ్నం పూట, రేకుల కప్పు కింద, హాలు హాలంతా కునికిపాట్లు పడుతుంటే వాళ్లను లేపేది తేదీలు కాదు, జోకులు. అందుకే బోస్టన్ దగ్గరకు రాగానే పుస్తకం మూసేసి, పన్నుల అధికారికి జనం తారు పూసి, ఈకలు అంటించి, బండెక్కించి ఊరేగించిన కథ ఎత్తుకునేవాడు. కోడిపుంజులా చేతులాడిస్తూ బెంచీల మధ్య నడిచి చూపించేవాడు కూడా. పిల్లలు పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్లు. ఆ అధికారి ఒళ్లు తర్వాత ఏమైందో పరీక్షలో అడగరు కనక ఆయనా చెప్పేవాడు కాదు.

సకల జనుల సమ్మె రోజుల్లో ఊరంతా మూతపడినా, సెంటర్ యజమాని వెంకట్రావు షట్టర్ సగం దించి, వెనక తలుపు నుంచి క్లాసులు నడిపించాడు. అది ఆ వీధిలో సెంటర్లన్నిటికీ అలవాటే. వెంకట్రావు చేసిన పాపిష్టి పని వేరే ఉంది. అడ్డుకోవడానికి వచ్చిన తన విద్యార్థులనే పోలీసులకు వేలు పెట్టి చూపించాడు. లాఠీ దెబ్బకు శ్రవణ్‌కుమార్ అనే కుర్రాడు తల పగిలి ఆసుపత్రి పాలయ్యాడు.

మర్నాడు షట్టర్ మీద రాళ్లు పడ్డాయి. అద్దాలు భళ్లున పగిలాయి. జనం లోపలికి తోసుకొచ్చి వెంకట్రావును జుట్టు పట్టి ఈడ్చి, మెట్ల మీద పడేసి, కాళ్లతో కుమ్మారు. ముందు పళ్లు రాలి చొక్కా నిండా నెత్తురు కారింది. ఆ గుంపుకు ముందున్నవాడు భిక్షపతి. పోచంపల్లి మగ్గాల ఇంటి పిల్లవాడు, సాంబమూర్తి క్లాసులో ఎప్పుడూ మొదటి బెంచీ. దిల్‌సుఖ్‌నగర్‌లో శ్రవణ్, అతనూ ఒకే గదిలో ఉంటారు. భిక్షపతీ ఇంకొకడూ ఇనప బకెట్‌కు కర్ర దూర్చి మోసుకొచ్చారు. బంద్ సంగతి తెలియక పొద్దున్నే పొయ్యి రాజేసిన రోడ్డు కూలీలను వెళ్లగొట్టి, వాళ్ల డ్రమ్ములోంచి తెచ్చిన తారు. ఇంకా పొగలు కక్కుతోంది. వెనక ఒకడి చేతిలో చికెన్ షాపు ఈకల సంచి ఉంది.

"మీరు జర పక్కకు జరుగుండ్రి సార్," క్లాసులోంచి మెట్ల మీదకు పరిగెత్తుకొచ్చిన సాంబమూర్తితో అన్నాడు భిక్షపతి. నవ్వుతున్నాడు. "మిమ్మల్ని ఏమనం. మీరు చెప్పిన బోస్టన్ ముచ్చటే. పూసి, ఈకలంటించి, చౌరస్తా దాంక తిప్పి ఇడిసిపెడ్తం."

తారు కాలుతుందని తెలియని పిల్లలు కారు వాళ్లు. కానీ సాంబమూర్తి చెప్పిన కథలో ఎవరూ కాలలేదు.

"ఒరే, ఆగండ్రా!" అని అరిచాడు. "ఆ అధికారి చర్మం ఊడిపోయిందిరా! తారుతో పాటు తోలు పెచ్చులు పెచ్చులుగా వచ్చేసింది. ఆ ముక్క దాచుకుని లండన్ పట్టుకెళ్లాడట!"

"గిది క్లాసుల ఎన్నడు చెప్పలేదు గద సార్?"

వెనక నుంచి ఇంకొకడు గద్దించాడు. "మీ ఆంధ్రోన్ని బచాయించనీకి కొత్త చరిత్ర తీస్తున్నవా?"

జోకును నమ్మినవాళ్లు నిజాన్ని నమ్మలేదు. భిక్షపతి బకెట్ వంచబోయాడు. కింద వెంకట్రావు మోచేతులతో మొహం కప్పుకుని మెలికలు తిరుగుతున్నాడు. సాంబమూర్తి బకెట్ దగ్గరకు దూకాడు. సుద్దముక్క పట్టే కుడిచేతిని మణికట్టు దాకా ఆ బకెట్‌లో ముంచేశాడు.

ఆయన పెట్టిన కేకకు గుంపు గుంపంతా వెనక్కి జరిగింది. చెయ్యి లాగితే తారు దాన్ని పట్టుకునే వచ్చింది. ఎవడో తెలివితక్కువగా గుడ్డతో తుడిచాడు. వేళ్ల మీది చర్మం గుడ్డకు అంటుకుని ఊడి వచ్చింది. కాలిన మాంసం కంపు కొట్టింది. భిక్షపతి అక్కడే వాంతి చేసుకున్నాడు. బకెట్ ఒలికిపోయింది, జనం తలో దిక్కూ పరిగెత్తారు. వెంకట్రావు బతికిపోయాడు.

సెంటర్ మళ్లీ తెరిచేసరికి సాంబమూర్తి కుడిచేతికి రెండు వేళ్లే మిగిలాయి. వెంకట్రావు కట్టుడు పళ్లతో, రౌడీ మూకలు మా సారు చెయ్యి కాల్చేశాయని కొత్త బ్యాచ్‌లో చేరిన ప్రతివాడికీ చెబుతున్నాడు. హాస్టళ్లలో ఆయనకు తెలంగాణ కోసం చెయ్యి కాల్చుకున్న ఆంధ్రా సారని పేరొచ్చింది. రెండూ కాదు నాయనా అని ఆయన ఎంత మొత్తుకున్నా వినే నాథుడు లేడు. ఒళ్లు మండిపోయింది సాంబమూర్తికి. పోయిన వేళ్లు ఎలాగూ పోయాయి, ఎందుకు పోయాయో అదైనా తనకు మిగల్చరా?

ఫీజులు పోతాయని వెంకట్రావు తన విద్యార్థుల మీద కేసు పెట్టలేదు కనక భిక్షపతి మళ్లీ మొదటి బెంచీలోనే కూర్చుంటున్నాడు. ఒకరోజు సాంబమూర్తి పాఠం ఆపి అతన్ని లేపాడు.

"అక్కడ నువ్వున్నావు. బకెట్ పట్టుకున్నదీ నువ్వే. నేను చెయ్యి ఎందుకు పెట్టానో వీళ్లకు చెప్పు."

భిక్షపతి కళ్లలో నీళ్లు తిరిగాయి. అది అబద్ధమాడుతున్న మొహం కాదు.

"తెలంగాణ కోసమే పెట్టిండ్రు సార్," అన్నాడు. "గా బకెట్ ఆళ్ల చేతులకెల్లి గుంజుకుందామని నేను గేటు కాడికెల్లి ఉరికొచ్చిన. అందలే."

హాలంతా లేచి చప్పట్లు కొట్టింది.