నేను మార్చిన ప్రైమర్లు

అమెరికాలోని మోంటానాలో మా పక్క పొలంలో ఉండే వెర్నా పశువులు కాస్తుంది. ఎలుగుబంట్ల భయానికి నడుముకి మాగ్నమ్ రివాల్వర్ కట్టుకుంటుంది. దానికి తూటాలు ఇరవై ఏళ్లుగా నేనే మందు నింపి, గుండు బిగించి ఇస్తున్నాను.

ఆ నవంబరులో మాగ్నమ్ ప్రైమర్లు, అంటే తూటా అడుగున ఉండి లోపలి మందుకి గట్టిగా నిప్పంటించే బిళ్లలు, నిండుకున్నాయి. నేను వాడే మందు మొండిది, గట్టి నిప్పు తగిలితేగానీ పూర్తిగా అంటుకోదు. అది తెలిసి కూడా, లేవని చెప్పడానికి నామోషీ అనిపించి, నిప్పు తక్కువుండే మామూలు ప్రైమర్లు పెట్టి "ఎప్పటివే" అని ఇచ్చేశాను.

వారం తిరక్కుండా వెర్నా రివాల్వర్ తెచ్చి నా బల్ల మీద పెట్టింది. పొద్దున మంచులో డబ్బాకి గురిపెట్టి కాలిస్తే తుస్సుమందట. గుండు గొట్టంలోనే ఇరుక్కుంది.

"రెండోది కాల్చలేదు కదా?" అన్నాను.

"కాల్చుంటే గొట్టం పేలి నా చెయ్యి పోయేది, డెల్. మందు పాతదేమో చూడు. నీ తప్పేం ఉండదులే."

ఆ నమ్మకం ముందు తలెత్తలేకపోయాను.

"మందు మంచిదే. ప్రైమర్లు మార్చింది నేనే. నీకు అబద్ధం చెప్పాను."



"లేవంటే కొట్లో కొనుక్కునేదాన్ని కదయ్యా," అంది వెర్నా. మిగిలిన తూటాలన్నీ నా ముందు పెట్టి వెళ్లిపోయింది.

గుండు తీయించి రివాల్వర్ తిరిగిచ్చాను. తీసుకుంది. మళ్లీ తూటాలు మాత్రం అడగలేదు. ఇప్పటికీ ఎదురైతే పలకరిస్తుంది, నేనే చూపు తిప్పుకుంటాను.