తోలు చేతుల జాకెట్

యూనివర్సిటీ జాకెట్‌ని వాషింగ్ మెషీన్‌లో వేయకూడదు. మా ఆయన మెషీన్‌లో ఏదీ వేయరు కాబట్టి మా ఇంట్లో ఆ ప్రమాదం లేదు. ఉన్ని భాగాన్ని చన్నీళ్ళలో ముంచి పిండిన గుడ్డతో అద్దాలి. రుద్దితే ఉండలు కడుతుంది. తోలు చేతులకి ఏడాదికోసారి క్రీము రాయాలి, లేకపోతే పగుళ్ళొస్తాయి. నా చేతులకి ఆ నియమం వర్తించదు. బొత్తాలన్నీ పెట్టి, చేతుల్లో తెల్లకాగితం కూరి, వెడల్పాటి హ్యాంగర్‌కి తగిలించి, పైన నూలు సంచి తొడగాలి. ప్లాస్టిక్‌ సంచిలో పెడితే వానాకాలానికి బూజు ఖాయం. పెళ్ళైనప్పటి నుంచీ ఇది నా పనే. ఆయన జాకెట్ వీపు మీద యూనివర్సిటీ పేరు, చేతి మీద ఆయన చేరిన సంవత్సరం నిన్న కుట్టినట్టుంటాయి.

"నీ చేతిలో ఏదో మహిమ ఉంది, సొరి వాళ్ళమ్మా" అంటారాయన. సొరి మా అమ్మాయి. నా చేతిలో ఉన్నది తడిగుడ్డ.

నాకూ ఇలాంటి జాకెట్ ఉండేది. అదే యూనివర్సిటీ, అదే కెమిస్ట్రీ విభాగం. కొత్తకోడలిగా చలికాలం క్యాబేజీ పచ్చడి, అదే కిమ్చీ, పెట్టడానికి వెళ్ళినప్పుడు, అత్తగారు వణుకుతుంటే కప్పాను. "మందంగా ఉందే, పొలానికి పనికొస్తుంది" అని ఆవిడ ఉంచేసుకున్నారు. ఇప్పుడు దాని నిండా మిరప్పొడి మరకలు, వెల్లుల్లి వాసన. "కోడలి చదువు వృథా పోలేదమ్మా, నా నడుముకి వెచ్చగా ఉంది" అని పక్కింటావిడతో నవ్వుతారు. నేనూ నవ్వుతాను. నవ్వడం కూడా ఇంటిపనే.

ఈ శనివారం మా విభాగం పాత విద్యార్థులంతా కలుస్తున్నారు. అదే రోజు అత్తగారింట్లో కిమ్చీ. "అమ్మ క్యాబేజీలు ఉప్పులో వేసేస్తోంది, ఇక ఆగవు. నువ్వటు వెళ్ళు, నేనిటు వెళ్తా. ఇద్దరి తరఫునా ఒకళ్ళం కనబడితే చాలు" అన్నారాయన, ఆస్తి సమంగా పంచినట్టు.

క్రీము రాస్తుంటే నా క్లాస్‌మేట్ దాన్‌బీ ఫోన్ చేసింది.

"ఏమే యురిమ్, రావట్లేదట? 'మా ఆవిడకి ఇలాంటివి ఇష్టం ఉండవు' అని మీ ఆయన గ్రూపులో పెట్టాడు. ఎప్పట్నుంచే ఇష్టం లేకపోవడం? ప్రతి పార్టీలోనూ ఆఖరున ఇంటికెళ్ళేదానివి నువ్వే కదే!"

క్రీము డబ్బా మూత పెట్టేశాను. ఒక చేతికి రాయడం మిగిలే ఉంది.

మా ఆయన గ్యుతే యూనివర్సిటీలో నాకంటే ఒక ఏడాది జూనియర్. ల్యాబ్ గుమ్మంలో వంగి నిలబడి, "సీనియర్ గారూ, ఈ లెక్క అర్థం కాలేదండీ, కాస్త చెప్తారా?" అని అడిగేవాడు. పార్టీల్లో మర్యాదగా రెండు చేతులతో సీసా పట్టుకుని నా గ్లాసు నింపేవాడు. మా దేశంలో ఒక్క ఏడాది పెద్దరికం చచ్చేదాకా వదలదు. పెళ్ళిలో మాత్రం కరిగిపోతుంది, దానికి చన్నీళ్ళయినా అక్కర్లేదు.

శుక్రవారం సాయంత్రం ఆయన జాకెట్ తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డారు.

"బాగుందా? అవునూ, రేపు నీ బస్సు పొద్దున్నే కదా?"

"బస్సు నీది, గ్యుతే."

అద్దంలోంచే నా వైపు చూశాడు.

"క్యాబేజీలు నువ్వు కడుగు. తొందరగా అయిపోతే సమావేశానికి వచ్చెయ్. ఆలస్యమైనా ఫరవాలేదు, జూనియర్లకి వెనక కుర్చీలు ఉంటాయి. జాకెట్ మాత్రం విప్పేసి వెళ్ళు, మిరప్పొడి మరక పడితే పోదు."

అతను ఒక్కో బొత్తామే విప్పుతూ, "అమ్మకి... అమ్మకేం చెప్పను?" అన్నాడు.

"సీనియర్ పంపిందని చెప్పు."