బతికిన కణాల లెక్క

"మళ్ళీ కడుగు," అన్నాడు భర్త, గ్లాసును వెలుతురుకు ఎత్తి చూసి. అందులో మరకేమీ లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అయినా కడిగింది. పెళ్ళయిన నాటి నుంచి ఆ ఇంట్లో ఆమె చేసిన ఏ పనీ మొదటిసారికి సరిపోలేదు. బట్టలు మళ్ళీ మడత పెట్టాలి, నేల మళ్ళీ తుడవాలి. అత్తగారైతే, "మా కోడలి చదువంతా తలలోనే ఉండిపోయిందమ్మా, చేతుల్లోకి దిగలేదు," అని వచ్చినవాళ్ళందరికీ వినిపించేది.

ప్రయోగశాలలోనూ అదే వరస. ఎలుక కంటి రెటీనా నుంచి తీసిన నాడీకణాలను ఆమె గాజు పళ్ళేల్లో పెంచుతుంది. రోగంతో పోరాడే కణాలు ఒకదానికొకటి కబురు పంపుకోవడానికి కొన్ని పదార్థాలు వదులుతాయి. వాటిలో ఒకటి నాడీకణాలను చంపుతుందని చెప్పి అక్కడి పెద్దాయన పేరు తెచ్చుకున్నాడు. ఎక్కువైతే చంపుతుంది, నిజమే. కొద్దిగా ఇస్తే అదే పదార్థం వాటిని కాపాడుతోందని ఆమెకు తేలింది. ఏ పళ్ళెంలో ఏముందో తనకే తెలియకుండా చీటీలు కప్పించుకుని మరీ లెక్కపెట్టింది. రంగుమందు వేస్తే బతికిన కణాలు పచ్చగా వెలుగుతాయి. పచ్చటి చుక్కలకు ఎవరి మొహమాటమూ ఉండదు.

"మళ్ళీ లెక్కపెట్టమ్మా," అన్నాడు పెద్దాయన. పెట్టింది. "ఇంట్లో పని ఎక్కువేమో, కళ్ళు అలిసిపోయి ఉంటాయి. ఇంకోసారి." పెట్టింది. అప్పుడు తలుపు దగ్గరగా వేసి గొంతు తగ్గించాడు. "ఆ కొద్ది మోతాదు సంగతి వదిలెయ్. మిగతాదంతా వ్యాసంగా వేద్దాం. అందరికన్నా ముందు నీ పేరే."

ఇంటికొచ్చి చెబితే భర్త నవ్వాడు. "వదిలేస్తే నీ సొమ్మేం పోయింది? ఇక్కడ నా ప్రాణం తీస్తున్నది చాలదా, అక్కడ ఆయన ప్రాణం కూడా తియ్యాలా?"

ఆమె వంటగదిలో నిలబడి ఆలోచించింది. ఇంతకాలం మళ్ళీ మళ్ళీ చేసింది తప్పు దిద్దుకోవడానికా? ఒప్పుగా చేసిన పనినే ఎదుటివాడికి తృప్తి కలిగేదాకా చేసింది. వీళ్ళకు కావలసింది శుభ్రమైన గ్లాసు కాదు, మళ్ళీ కడిగే మనిషి. రేపు తను తల వంచితే, చూపు పోతున్నవాళ్ళకు ఎప్పటికైనా పనికొచ్చే ఒక నిజం చెత్తబుట్టలో పడుతుంది. పైన తన పేరు మాత్రం నిగనిగలాడుతుంది. ఛీ అనుకుంది.

మర్నాడు కొత్త పళ్ళేలకు పక్క గదిలోని సహోద్యోగి చేత చీటీలు కప్పించి, అందరి ముందూ మైక్రోస్కోపు దగ్గరకు కుర్చీ లాగింది.

"ఈసారి మీరు లెక్కపెట్టండి సార్."

"నేనా? ఆ పని మానేసి ఎన్నేళ్ళయిందో!"

"అలిసిపోని కళ్ళు చూస్తేనే మంచిది కద సార్."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆయనకు ఇక కూర్చోక తప్పలేదు. ఒక్కో పళ్ళెం చూసి ఆయన పైకి చెబుతుంటే ఆమె బోర్డు మీద రాసింది. మధ్యలో భర్త దగ్గర్నుంచి ఫోను వచ్చింది. మోగనిచ్చింది. చివరికి సహోద్యోగి చీటీలు విప్పాడు. అన్నిటికన్నా ఎక్కువ కణాలు బతికిన పళ్ళెం, ఆ పదార్థం కొద్దిగా పడిందే.

పెద్దాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"నా చూపు సరిగా ఆనడం లేదమ్మా. నువ్వు ఇంకోసారి చూడు."

"చూడను సార్. మీ లెక్కే అచ్చుకు పంపుతాను."